రెండు వంతెనల దాకా

జగిత్యాలలో ఒక సైకిల్ షాపు మేడ మీద బ్రీఫింగ్ నాలుగు నిమిషాల్లో ముగిసింది.

"సైకిల్ తొక్కుడు మర్వలే గదా, జలపతీ?" అన్నాడు చీఫ్ సుదర్శన్.

"మర్వలే సార్."

"ఆమ్‌స్టర్‌డామ్ల టూరిస్టుల సైకిల్ టూర్. గండ్ల ఒకరు ఐరిస్. డబుల్ ఏజెంట్. ఆడో మొగో గూడ తెల్వది. మన పదకొండు మంది ఏజెంట్ల పేర్లున్న చిప్ ఇయ్యాల్టికి నాలుగో రోజు పగటీలి పన్నెండు కొట్టంగ చేతులు మారుతది. మూడో పేరు నీదే."

నాలుగో రోజు ఉదయం కాలువల వెంట గైడ్ ముందు, తొమ్మిది మంది టూరిస్టులు వెనక. పాస్‌పోర్టులో జలపతి మారిషస్ టీచర్. ఆగిన ప్రతిచోటా అందరూ అతనికే ఫోన్లిచ్చి ఫొటోలు తీయించుకున్నారు. అతని చొక్కా గుండీలోని కెమెరా కూడా వాళ్లనే తీసింది. ఏ ఫొటోలోనూ అతను లేడు. చీఫ్‌తో తప్ప తెలుగులో మాట్లాడి నాలుగేళ్లయింది.

పదకొండు నలభై. నల్ల కళ్లద్దాల పోర్చుగీసు సుందరి సోఫియా ఊలు స్కార్ఫ్ చైన్లో పడి పోగు తెగింది. ఆమె రెండు కొసలూ ఒంటిచేత్తో పట్టి, బొటనవేలు తిప్పి ముడేసి, మిగిలింది పంటితో కొరికేసింది.

సిరిసిల్లలో జలపతి తల్లి మరమగ్గాల షెడ్డులో, సాంచాల దగ్గర రోజంతా వేసిన ముడి అదే.

అతను సైకిల్ పక్కకు తెచ్చాడు. "సిరిసిల్లల ఏ వాడ మీది, అక్కా?"

ఆమె సైకిల్ వేగం తగ్గించింది. తర్వాత మెల్లగా, "బీవై నగర్. సాంచాల సప్పుడు లేకుంటే నిద్రనే పడ్తలేదు తమ్మీ."

"నాకు గూడ."

రెండు వంతెనలు దాటేదాకా మాట్లాడుకున్నారు. వింటూనే జలపతి చూశాడు. ఊరంతా బెల్లులు మోగిస్తోంది, ఆమె బెల్లు ఒక్కసారీ మోగలేదు.

మూడో వంతెన మీద బూడిదరంగు కోటు మనిషి చెయ్యి చాచాడు. గడియారం పన్నెండు కొట్టసాగింది. ఆమె బెల్లు మూత తిప్పి లోపలి చిప్ తీసింది. పదకొండో గంటకు జలపతి ముందు చక్రం అడ్డం పడింది. పన్నెండో గంటకు చిప్ అతని పిడికిట్లో ఉంది. అప్పటికే కాపు కాసిన స్థానిక పోలీసులు ఆమెనూ కోటు మనిషినీ చుట్టుముట్టారు.

"ఇంకో వంతెన దాకన్న ఆగకపోతివి," అంది హేమలత. బేడీలు వేశాకే అసలు పేరు చెప్పింది.

సైకిల్ అప్పజెప్పినప్పుడు గైడ్ ఫీడ్‌బ్యాక్ ఫారం ఇచ్చాడు. 'మీతో ఎవరైనా వచ్చారా?' అన్న చోట జలపతి ముందు 'లేదు' అని రాసి కొట్టేశాడు.

'రెండు వంతెనల దాకా' అని రాశాడు.