ఎర్రదా, పచ్చదా

సుక్రి పిట్టను గుప్పిట్లో ఇమిడ్చి, దాని పక్కలు చూసి, "పచ్చది" అంది. పిట్టలను వడ నుంచి కాచే చలువగూడు తలుపు తెరుచుకుంది. తర్వాతి దాన్ని చూసి "ఎర్రది" అంది. తలుపు కదల్లేదు. ఆ పిట్టను మళ్లీ ఎండలోకే వదిలేసింది. అరకు కొండ మీద పొద్దుటి నుంచీ ఆమె పని అదే.

ఎంత ముచ్చటైన పిట్టలనీ. రెండూ పిడికిట్లో పట్టేవే, రెంటికీ పండుమిరప లాంటి ముక్కే. ఎర్రదాని ఒంటి మీద నూకలు చల్లినట్టు తెల్లచుక్కలు. పచ్చదానికి పసుపు పొట్ట, పక్కల్లో ఎవరో తీరిగ్గా కూర్చుని దువ్వెనతో గీసినట్టు నలుపూ తెలుపూ చారలు. ఆ అందమే దాని కొంప ముంచింది. పంజరాల వాళ్లు పట్టుకుపోగా కాసినే మిగిలాయి. ఎర్రవి ఎక్కడ చూసినా ఉన్నాయి కదా అని ఏ జాతికెంత చలువో రాసిన జాతివాటాలో వాటికి ఏమీ ఇవ్వలేదు. ఆ వాటాలు వేసిననాటికి ఈ వడగండం లేదు మరి.

మధ్యాహ్నం వలలో ఒక జంట పడింది. పచ్చ పోతు, ఎర్ర పెట్ట. గాలి చొరనంత ఆనుకుని, ఒకదాని మెడ ఒకటి నిమురుకుంటున్నాయి. సుక్రి విడదీసి పోతును లోపలికి పంపింది. అది గింజ ముట్టలేదు, అద్దాన్ని ముక్కుతో కొడుతూనే ఉంది. బయట పెట్ట రెక్కలు జార్చేసి నోరు తెరిచింది.

కేంద్రంలో కూర్చుని చలువ పంపకం చూసే దమయంతి ఎప్పుడో హెచ్చరించింది: ఎర్రవి కూడా వస్తే చలువ పచ్చవాటికే చాలదని. అబద్ధం కాదు. పైగా ఒక తలుపు నేర్చిన మాట అన్ని కొండల తలుపులూ నేర్చేస్తాయి. కొత్త జాతి పేరు వినబడితే, ముందు కాపాడి తర్వాతే విచారిస్తాయి.

సుక్రి పోతును బయటికి తెచ్చి, రెంటినీ ఒకే గుప్పిట్లో పట్టుకుంది.

"పేరు?" అంది తలుపు.

వాళ్ల ఊళ్లో వీటికి రెండు పేర్లు ఏనాడూ లేవు.

"జీనువాయి."

తలుపు తెరుచుకుంది. అవతలి కొండల మీది తలుపులూ ఎర్రవాటికి ఒక్కొక్కటే తెరుచుకున్నాయి.

"ఏం పనమ్మా ఇది?" కేంద్రం నుంచి దమయంతి గొంతు తలుపులోంచి వినబడింది. "చలువ ఎక్కణ్ణుంచి తేను?"

"నా గదిది తీసి ఇచ్చియ్యండమ్మా. నాను ఏ సెట్టు కిందో కూకుంటాను."

తలుపులన్నిటినీ నడిపే యంత్రం ఆ మాటా వింది. సుక్రి గదిలో చల్లగాలి ఆగిపోయింది. తర్వాత దమయంతి గదిలో దాని గొంతు మర్యాదగా అడిగింది:

"మీరూ ఇస్తారా?"