ఎడమ టైరు పెద్దోడిది

కాఫీ గ్లాసు చేతిలో పట్టుకుని దేవపాలు పొద్దున్నే ట్రాక్టరు వెనక గొంతుక్కూర్చున్నాడు. వెనక టైర్లు రెండూ అరిగి అరిగి అరచేయంత నున్నగా అయిపోయాయి. అట్లా చూస్తూ కూర్చుంటే కొత్తవి మొలవవని, పోయి ప్రొద్దుటూరులో తెచ్చుకోమని భార్య సరోజమ్మ గుమ్మంలోంచి ఎకసెక్కంగా అంది. తేవాలనే ఉంది ఆయనకు. ఏవి తేవాలో తెలియకే మూడు రోజులుగా గొంతులోకి ముద్ద దిగడం లేదు.

కొడుకులిద్దరూ వేరుపడి నాలుగేళ్లయింది. కాలువ కింది మడి పెద్దవాడు కళ్యాణ్‌కు, మెట్ట చేను చిన్నవాడు బాబ్జీకి వచ్చాయి. ఇంటి నడిమిన గోడ లేచింది. ఇక మిగిలింది ఇరవయ్యేళ్ల పాత ట్రాక్టరు. దాన్ని నడిమికి కోయలేరు కదా. దేవపాలు వారం రోజులు ఆలోచించి పాస్టరుగారి ముందర తీర్పు చెప్పాడు. బండి ఇద్దరిదీ, ఎడమ చక్రాల మంచిచెడ్డలు పెద్దోడివి, కుడి చక్రాలవి చిన్నోడివి. ఊరు ఊరంతా నవ్వింది. అంత న్యాయమైన పంపకం జిల్లాలో ఇంకెవరూ చేసి ఉండరని ఆయన మాత్రం మురిసిపోయాడు.

ఆ న్యాయం పిచ్చి ఊరికే పట్టలేదు. ఆయన సొంత అన్న వాటాలో మోసం చేసి, చచ్చేదాకా పలకరించలేదు. తన పిల్లలకు ఆ గతి పట్టకూడదని దేవపాలు వాళ్ల చిన్నప్పుడు ఒక్క కోడిగుడ్డున్నా దారం పెట్టి సరిగ్గా సగానికి కోసేవాడు. వాళ్లు అడగకముందే కోసేవాడు.

ఇప్పుడు ఆ రెండిళ్లకూ ఉమ్మడిగా మిగిలింది ట్రాక్టరొక్కటే. తాళంచెవి కోసమైనా అన్నదమ్ములు ఒకరి వాకిట్లోకి ఒకరు వస్తున్నారు. పులివెందులలో కొనేవాళ్లున్నారని, అమ్మేసి పీడ వదిలించుకుందామని కళ్యాణ్ ఈ మధ్య అనడం మొదలుపెట్టాడు. బండి పోయిన రోజు కొడుకులు ఒకరి మొహం ఒకరు చూసుకోరని దేవపాలు భయం. అందుకే ఈ టైర్లతో ఎవరి మనసూ విరగకూడదు.

మైలవరం కాలువకు నీళ్లు వదిలారు, బురదలో పట్టు దొరకాలంటే లోతైన గట్లుండే మడి టైర్లే కావాలని కళ్యాణ్ వచ్చి చెప్పిపోయాడు. వాడు అటు పోగానే బాబ్జీ వచ్చాడు. వాడు జమ్మలమడుగు వైపు నుంచి నాపరాళ్లు తోలతాడు. తారురోడ్డు మీద ఆ గట్లు బండిని ఎగరేస్తాయి, తొందరగా అరిగిపోతాయి, తనకు రోడ్డు టైర్లే కావాలన్నాడు. ఇద్దరి మాటా నిజమే. ఎవరి మాట వినాలో అర్థంకాక దేవపాలు ప్రొద్దుటూరు బస్సెక్కాడు.

మైదుకూరు రోడ్డులో టైర్ల అంగడి ఖాదర్‌ది. అతను ఆయనకు నీళ్లిచ్చి, బండి మడిలో ఎక్కువ తిరుగుతుందా, రోడ్డు మీదా అని అడిగాడు. రెండూ సమానమేనన్నాడు దేవపాలు. ఖాదర్ రెండు రకాలూ దొర్లించుకొచ్చి చూపించాడు. వాటి పక్కభాగాన అచ్చువేసిన సైజు నంబర్లు చూడగానే దేవపాలు మొహం వెలిగింది. రెండింటిదీ ఒకటే నంబరు.

"ఇదొకటి, అదొకటి ఇయ్యి ఖాదరూ."

ఖాదర్ ఆయన్ను ఎగాదిగా చూశాడు. "అట్ల కలపకూడదు మామా. నంబరు ఒకటైనా ఎత్తులో, పట్టులో తేడా ఉంటాది. బండి ఒకతట్టు లాగుతాది. జతగా తీసకపో."

ఏ జత తీసుకుపోయినా ఒక కొడుకు పక్షం వహించినట్టే కదా. దేవపాలు వినలేదు. సాయంత్రానికల్లా ఎడమవైపు మడి టైరు, కుడివైపు రోడ్డు టైరు బిగించుకుని ట్రాక్టరు ఇంటిముందు నిలబడింది. ఆ రాత్రి ఆయన కడుపునిండా తిన్నాడు.

మూడో రోజు కళ్యాణ్ మడిలో కుడి చక్రం బురద నింపుకుని ఉత్తుత్తినే గిర్రున తిరిగి ఇరుసుదాకా దిగబడింది. ఎద్దులతో లాగించాల్సి వచ్చింది. మర్నాడు బాబ్జీ రాళ్లేసుకుని వస్తుంటే ఎడమ చక్రం దడదడలాడించింది, బండి ఒకవైపు లాగి కాలువ వంతెన గోడను రాసుకుంది. పిల్లోడు ప్రాణాలతో ఇంటికొచ్చాడని సరోజమ్మ మోకరించి ప్రార్థన చేసుకుంది.

మర్నాటి పొద్దున ఇద్దరూ వాకిట్లోకి వచ్చారు. ఇద్దరి మధ్యా రెండు బారల ఎడం కూడా లేదు.

"నాయనా, వాని టైరు నా మడిలో దిగబడింది. వానికి చెప్పు," అన్నాడు కళ్యాణ్.

"నాయనా, అన్న టైరు రవ్వంతలో నన్ను కాలవలో ఏసుండేది. ఆయనకు చెప్పు," అన్నాడు బాబ్జీ.

వాని టైరు, అన్న టైరు అంటూ మాట మీద మాట పెరిగింది. చివరికి శుక్రవారం పులివెందుల మనిషిని రమ్మంటున్నానని కళ్యాణ్ తేల్చేశాడు. దేవపాలు అరుగు మీద కూలబడ్డాడు. ఆయనకు నిజంగానే ఏమీ అర్థం కాలేదు.

"ఇద్దరికీ సమానంగానే చేసినా గదరా. యాడ తప్పు చేసినా?"

అప్పటిదాకా చాట పట్టుకుని వింటున్న సరోజమ్మ దాన్ని కింద పెట్టింది.

"నీ కొలతలో తప్పేం లేదయ్యా. వాళ్లను చూడు. పక్కపక్కనే నిలబడి ఇద్దరూ నీకే చెప్తాండారు. ఒకరితో ఒకరు మాట్లాడే పని వాళ్లకు ఎప్పుడన్నా పెట్టినావా? గుడ్డు కోసిస్తివి, చేను కోసిస్తివి, ఇల్లు కోసిస్తివి. నువ్వు తిను తమ్ముడా అనే మాట పెద్దోని నోట్లోకి రాకముందే నువ్వు దారం తీస్తివి."

తన కొడుకుల్లో ఒకడు ఇంకొకడికి ఏదైనా ఇవ్వడం ఎప్పుడు చూశానా అని దేవపాలు వెతుక్కున్నాడు. ఒక్కటీ గుర్తుకు రాలేదు. ఇచ్చే అవకాశమే తను మిగల్చలేదు. ఆయన కళ్లు నిండాయి. తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

"మీరిద్దరూ కలిసి పోండి. ఒక జత తెచ్చుకోండి," అన్నాడు చివరికి.

"ఏ జత నాయనా?" కళ్యాణ్ అడిగాడు.

"నన్నడగొద్దు. వాణ్ణడుగు."

కళ్యాణ్ తమ్ముడి వైపు తిరిగాడు గాని, ఏమని అడగాలో తెలియక మెడ గోక్కున్నాడు. చివరికి పోదామా అన్నాడు. బాబ్జీ తలూపాడు. రెండు టైర్లూ విప్పి, అడిగి తెచ్చుకున్న ట్రాలీ ఆటోలో వేసుకుని వెళ్లారు.

మధ్యాహ్నం ఖాదర్ ఫోన్ చేశాడు. "మామా, వచ్చినప్పట్నుంచీ నీ కొడుకులు ఈడ కొట్లాడుకుంటాండారు. పెద్దాయన రోడ్డు టైర్లే ఇయ్యమంటాండాడు, చిన్నాయన మడి టైర్లే ఇయ్యమంటాండాడు."

"తిరగేసి చెప్తాండావు ఖాదరూ. పెద్దోనికి గదా మడి ఉండేది."

"సరిగ్గానే చెప్తాండా మామా. మడి నాలుగు దినాల పని, నేను బాడుగ బండి పిలుచుకుంటా, తమ్ముడు దినామూ రోడ్డు మీద తిరిగేటోడు అని పెద్దాయన. నీళ్లొదిలినాక బాడుగ బండి యాడ దొరుకుతాది, రాళ్లు యాడికీ పోవు, అన్న వరినాటు ముందర అని చిన్నాయన. నాకు తల తిరుగుతాంది. ఏవి ఇయ్యాలో నువ్వే చెప్పు."

దేవపాలు ఫోన్ చెవికి ఇంకా గట్టిగా అదుముకున్నాడు. అవతల అంగట్లో ఇద్దరూ గట్టిగట్టిగా అరుచుకుంటున్నారు. ఆయన చెంపల మీద నీళ్లు కారిపోతుంటే సరోజమ్మ భయపడి ఏమైందని అడిగింది.

"ఖాదరూ, వాళ్లకు టీ తెప్పియ్యి," అన్నాడు. "తేల్చుకునేదాకా కొట్లాడుకోనీ. నువ్వు మాత్రం నడిమికి పోవద్దు."