పిడి మారిన కత్తి

లోర్నా పొయ్యి దగ్గర బక్‌వీట్ పిండితో అట్లు వేస్తోంది. పిండి సరిగా కాలకముందే తిప్పేస్తోంది, తిప్పింది మళ్ళీ తిప్పుతోంది. సోమవారం జింకల వేట మొదలు. వీధిలో ప్రతి ఇంటి ముందూ ట్రక్కుల్లోకి సామాను ఎక్కుతోంది. ఈ ఇంట్లో మాత్రం తండ్రి హార్లన్ తెల్లవారిన దగ్గర్నుంచి జేబులు తడుముకుంటూ గది గదికీ తిరుగుతున్నాడు.

“నా కత్తేదే?”

“నీ ఎదురుగా బల్ల మీదే ఉంది కదా నాన్నా.”

“అది నాది కాదు. నా కత్తికి జింక కొమ్ము పిడి. దీనికేమో చెక్క.”

ఆ మాట నిజమేనని లోర్నాకూ తెలుసు. తాత చేతి నుంచి తండ్రి చేతికి వచ్చిన ఆ మడత కత్తి చిన్నప్పటి నుంచీ చూసిందే. గరుకు గరుకుగా, గోధుమ రంగులో ఉండే కొమ్ము పిడి. ఇప్పుడు సొరుగులో దొరికితే తను తీసి బల్ల మీద పెట్టినదానికి నున్నటి చెర్రీ చెక్క పిడి, మెరిసే కొత్త ఇత్తడి మేకులు.

తమ్ముడు వేడ్ చేతుల నిండా కట్టెలతో లోపలికి వచ్చాడు. తల్లి పోయాక తండ్రిని కనిపెట్టుకుని ఉంటున్నది అతనే. లోర్నా ఊరు దూరం. పండక్కి వచ్చి రెండ్రోజులు ఆగింది.

“ఒరేయ్ వేడ్, నాన్న కత్తి ఏమైందిరా?”

“అదేగా అక్కా. పిడి విరిగితే మార్చాను.” అంటూనే పొయ్యి ముందు కూర్చుని అటు తిరిగిపోయాడు.

“కొమ్ము పిడి విరగడమేమిటి?”

“విరిగింది. అట్లు మాడుతున్నాయి చూడు.”

ముగ్గురూ బల్ల దగ్గర చేతులు పట్టుకున్నారు. పక్కింటివాళ్ళ పేర్లు మరచిపోయే హార్లన్ ప్రార్థనలో ఒక్క మాట కూడా తడబడలేదు. లోర్నా కళ్ళు పూర్తిగా మూయలేదు. ఆమెన్ అనగానే తండ్రి కత్తి అందుకుని తెరవబోయాడు. వేడ్ చటుక్కున లాక్కుని జేబులో వేసుకున్నాడు.

“తినేటప్పుడెందుకు నాన్నా, చెయ్యి తెగుతుంది.”

“నాకు చెప్పొచ్చాడు! నువ్వు పుట్టకముందు నుంచీ పట్టుకుంటున్నా,” అన్నాడు హార్లన్. అంతలోనే అట్టు మీద తేనె పోసుకుంటూ ఆ సంగతి మరచిపోయాడు.

లోర్నా మరచిపోలేదు. తాగుడు రోజుల్లో తండ్రి తుపాకులు రెండు వేడ్ అమ్మేశాడు. తర్వాత మానేశాడు, చర్చిలో అందరి ముందూ నిలబడి మారానని సాక్ష్యం కూడా చెప్పాడు. అతని కోసం ఆదివారం ఆదివారం మోకరిల్లినవాళ్ళలో లోర్నా ఒకతె. ఆ మొర దేవుడు ఆలకించే ఉంటాడన్న ఆలోచన మాత్రం ఆమెకు ఆ పూట రాలేదు. మనం అడగడం బాగానే అడుగుతాం, ఇచ్చాడో లేదో చూసుకోవడమే తెలియదేమో.

గిన్నెలు కడిగింది. కడిగినవే మళ్ళీ కడిగింది. చేతులు తుడుచుకోకుండానే పెరట్లోకి నడిచింది. కట్టెల కొట్టంలో వేడ్ గొడ్డలి పదును చూసుకుంటున్నాడు.

“తియ్యరా కత్తి.”

“దేనికి?”

“అసలుది అమ్ముకుని దీన్ని సొరుగులో పడేశావు. ఆయనకు గుర్తుండదులే అనుకున్నావు. నిన్ను నమ్మి ఆయన్ని ఇక్కడ వదిలాను చూడు, నాదీ బుద్ధి తక్కువ. ఇవాళే నాతో తీసుకెళ్ళిపోతా.”

వేడ్ మొహం తెల్లబడింది. “ఈ కొండలు దాటితే ఆయన బతకడక్కా.”

“నీ దగ్గర ఉంటే బతుకుతాడా? ఇంకేం మిగిల్చావు అమ్మడానికి?”

వేడ్ గొడ్డలి పక్కన పెట్టాడు. కత్తి తీసి ఆమె చేతిలో పెట్టాడు.

మొద్దుబారిన గోరుతో లాగి తెరిచింది. కత్తి అలుగు మొదలు దగ్గర ఉన్న కంపెనీ ముద్ర సగం అరిగిపోయింది. ముద్రదేముంది, అలాంటివి ఊరంతా ఉంటాయి. కానీ అలుగు కొన పొట్టిగా, గుండ్రంగా ఉంది. లోర్నాకు అది గుర్తే. పదేళ్ళ వయసులో రంగు డబ్బా మూత పెకలిస్తూ ఆ కొన విరగ్గొట్టింది తనే. తండ్రి ఒక్క మాట అనకుండా రోజంతా రాయి మీద అరగదీసి దాన్ని ఇలా గుండ్రంగా చేశాడు.

“అదే కత్తి,” అంది గొణుగుతున్నట్టు.

తిప్పి చూసింది. ఒక పక్క నున్నగా ఉంది. రెండో పక్క నిండా తుప్పు తిన్న నల్లటి గుంటలు. వేటగాడి కూతురికి అది చాలు. ఆ పక్క తడి నేలకి ఆని చాలాకాలం పడి ఉంది.

“అడవిలో దొరికిందా?”

“వసంతంలో. ఏటికి ఎగువన కొండ మీద, ఆ నున్నటి బెరడు బీచ్ చెట్ల దగ్గర. పిడి సగం ముళ్ళపంది కొరికి తినేసింది. చెమట ఉప్పు పట్టిన కొమ్ము కదా, దానికి మిఠాయి.” వేడ్ నవ్వబోయాడు, రాలేదు. “జింకని కోసి, కత్తి నేల మీద పెట్టి మరచిపోయాడు అక్కా. నాన్న!”

“మరి చెప్పొచ్చుగా?”

“ఏమని? నీ మతి పోతోంది నాన్నా అనా? తాగుబోతు వెధవ అమ్ముకున్నాడని తిట్టుకోనీ. ఆ తిట్లు నాకు కొత్తా? ఆ తుప్పు ఆయన కంట పడితే మాత్రం మొత్తం తెలిసిపోతుంది.”

లోర్నా కట్టెల మీద కూలబడింది. “తీసుకెళ్ళనురా. నువ్వున్నచోటే ఉండనీ. నన్ను...”

కొట్టం గుమ్మంలో నీడ కదిలింది. హార్లన్ కోటు లేకుండా, చెప్పులతో నిలబడి ఉన్నాడు. చెయ్యి చాపాడు. ఇవ్వకుండా ఉండటం లోర్నా వల్ల కాలేదు. అలుగు మూసి మళ్ళీ తెరిచాడు, బొటనవేలు ఒక పక్క రాశాడు, రెండో పక్క రాశాడు.

“నాదే. వాన దీన్ని తినేసింది. నేల మీద ఎవడు పెట్టాడు?”

“నేనే నాన్నా,” అన్నాడు వేడ్ వెంటనే.

“నువ్వెక్కడున్నావురా? పోయినేడు మిల్లువాళ్ళు నీకు సెలవివ్వలేదు. నేనొక్కణ్ణే వెళ్ళాను. బీచ్ చెట్టు కింద కోశాను. కోశాక...” ఆగాడు. ఇద్దరూ ఎదురుచూశారు. ఎంతసేపు చూసినా ఆ తర్వాతి మాట రాలేదు.

ఆ కొండల్లో వేటలో గురి తప్పినవాడి చొక్కా వెనక అంచు కోసి గోడకి మేకు కొట్టి తగిలిస్తారు. ఈ ఇంట్లో కత్తి నేల మీద పెట్టినా అదే శిక్ష. చిన్నప్పుడు లోర్నా ఒకసారి ఏడుస్తూ తన చొక్కా అంచు ఇచ్చుకుంది, వేడ్ రెండుసార్లు.

హార్లన్ తన గళ్ళ చొక్కా వెనకాల పైకి లాగాడు.

“కొయ్యరా.”

“వద్దు నాన్నా. అదేం పని?”

“మీకో న్యాయం, నాకో న్యాయమా? కొయ్యి.”

లోర్నా లేచి గుడ్డ బిగించి పట్టుకుంది. తండ్రి చేతిలోని కత్తి వేడ్ అందుకున్నాడు. అది ఒక్క లాగులో అంచు తెగ్గోసింది.

“పదును బాగా పెట్టావురా,” అన్నాడు హార్లన్.

లోపలికి తీసుకొచ్చి పొయ్యి దగ్గర కూర్చోబెట్టారు. వేడ్ కాఫీ పోశాడు. రెండు గుక్కలు తాగి హార్లన్ కూతురి చేతిలోని గళ్ళ ముక్క కేసి వింతగా చూశాడు.

“ఎవరిదే అది? ఈసారి ఎవరు తప్పు చేశారు?”

వేడ్ నోరు తెరిచేలోపే లోర్నా అంది.

“నేనే నాన్నా. తప్పంతా నాదే.”

మాట పూర్తయ్యేసరికి కళ్ళు పొంగిపొర్లాయి. హార్లన్ కంగారుగా కప్పు పక్కన పెట్టి, ఆమె తల మీద చెయ్యి వేశాడు.

“దానికి ఏడుస్తారా తల్లీ? పోనీలే. కత్తి దొరికిందిగా.”