పోయినవాడి హాజరు

"పన్నెండింటికి పిచ్చుకని వదిలేస్తున్నాం. రెండో సంతకం నీదే," అంటూ చీఫ్ ఫైలు ముందుకు తోశాడు.

ఏజెంట్ లెవెన్ పెన్ను తియ్యలేదు. గోడ గడియారం తొమ్మిదీ ఇరవై చూపిస్తోంది.

పిచ్చుక ఆరేళ్ళుగా శత్రుదేశంలో పనిచేస్తున్న ఏజెంట్. అక్కడి గూఢచారి ముఠాకి ఇక్కడి నుంచి రహస్యాలు అమ్ముతున్నదెవరో కనిపెట్టి, ఆ పేరుతో మధ్యాహ్నానికి సేఫ్ హౌస్ చేరుకోవాలి. వదిలేయడమంటే లోపలున్న మనవాళ్ళకి 'తలుపు తెరవొద్దు' అని ఆర్డర్ వెళ్ళడం. మిగతా పని శత్రువులు పూర్తి చేస్తారు.

"రుజువేంటి సార్?"

"డేటా మార్ట్ రిపోర్ట్, కమిటీ రోజూ చూసే పేజీ. లీకైన ఫైళ్ళలో పంతొమ్మిది ఆమె కార్డుతోనే తెరిచారు, అక్కడి నుంచే అయ్యుంటుంది. ఎర్ర రంగులో ఉంది చూడు."

మూడేళ్ళ క్రితం ఇలాంటి ఎర్ర రంగు కిందే లెవెన్ కళ్ళు మూసుకుని సంతకం పెట్టాడు. ఆ రోజు పేరు ఎస్-సెవెన్. ఇంట్లో పేరు చిన్నోడు. లెవెన్ భార్యకి సొంత తమ్ముడు. మూసిన తలుపుని నలభై నిమిషాలు తట్టాడట. ఆ చప్పుడు ఇప్పటికీ లెవెన్‌ని వదల్లేదు. మీటింగులో ఎవరైనా బల్ల మీద వేళ్ళు ఆడిస్తే చాలు, ముచ్చెమటలు పోస్తాయి. భార్యకి తెలిసిందల్లా తమ్ముడు డ్యూటీలో పోయాడని. సంతకం సంగతి తెలియదు.

"ఈసారి లెక్క చూశాకే పెడతాను సార్."

చీఫ్ నిట్టూర్చాడు. "నువ్వు పెట్టకపోయినా పన్నెండింటికి కమిటీ ఆర్డర్ పంపేస్తుంది. నా చేతుల్లో ఏమీ లేదు. వెళ్ళు. కానీ నువ్వెవరో అక్కడి ఆపరేటరుకి తప్ప ఎవరికీ తెలియకూడదు."

పదింబావుకి ఊరి అవతలి డేటా సెంటర్ గేటు ముందు ఒక బొద్దు ఆడిటర్ టాక్సీ దిగాడు. పొట్ట దూదిది. సోడాబుడ్డి కళ్ళద్దాలు మాత్రం మామూలివి కావు. చూసిందంతా రికార్డు చేసి మళ్ళీ చూపిస్తాయి. కోటు బొత్తంలో మైక్ ఉంది. అయితే ఆ భవనం గోడల్లో సీసం రేకులు పొదిగారు. ఫోను గేటు దగ్గరే తీసుకున్నారు. లోపలికి అడుగు పెట్టగానే మైక్ మూగబోయింది. అక్కణ్ణుంచి ఆ బొత్తం బొత్తంగానే పనికొచ్చింది.

వరండాలో నెరిసిన మీసాల మనిషి ఎదురొచ్చాడు. "గొడుగు తెచ్చారా సార్?"

"ఎండకి తెచ్చాను."

కోడ్ సరిపోయింది. ఆయన రోజూ తెల్లవారగానే వేర్‌హౌస్‌లోకి, అంటే రికార్డుల గోదాంలోకి, డేటా ఎక్కించే ఆపరేటరు. ఆఫీసంతా బాబాయ్ అని పిలుస్తారు. "ముందు మేడమ్‌ని కలవండి సార్. తర్వాత కిందికి రండి, మీకొకటి చూపించాలి," అని గొంతు తగ్గించి చెప్పి వెళ్ళిపోయాడు.

మార్ట్ డిజైన్ చేసిన మేడమ్ గది మూడో అంతస్తులో ఉంది. మెడలో ముత్యాల పేట, గొంతులో తేనె. డిపార్ట్‌మెంట్‌లో సగంమంది రిపోర్టు అర్థమైనా సరే, అర్థం కాలేదని ఆవిడ గదికి వెళ్తుంటారు.

"సింపుల్‌గా చెప్తానండీ ఆడిటర్ గారూ. అయిదు చోట్ల నుంచి డేటా వస్తుంది. ఒకే మనిషికి అయిదు చోట్లా అయిదు నంబర్లు. ఏ నంబరు ఎవరిదో జత పట్టిక చెబుతుంది. అలా జతకలిపి, శుభ్రం చేసి వేర్‌హౌస్‌లో పెడతాం. అందులోంచి కమిటీకి కావలసినంత వరకే తీసి మార్ట్ కడతాం. పెద్దవాళ్ళకి తీరికుండదు కదా! ఒక్క పేజీ, మూడు రంగులు."

ఆవిడ పాస్‌వర్డ్ కొట్టి స్క్రీన్ తెరిచింది. సోడాబుడ్లు ఆ వేళ్ళనే చూశాయి.

"ఫైలు ఎవరు తెరిచారో ఉంది. ఎక్కడి నుంచి తెరిచారో లేదేంటి?"

"వేర్‌హౌస్‌లో ఉంటుందండీ. మార్ట్‌లో కావాలని ఎవరూ అడగలేదు."

"మరి పోయినవాళ్ళు?"

"వాళ్ళని ఫిల్టర్ చేసేశాం. సెక్షన్ టూ నుంచి ఎవరో ఆఫీసరు లెటర్ పెట్టాడు, చనిపోయిన ఏజెంట్ల పేర్లు రిపోర్టులో వద్దని. కారణం రాయలేదు కానీ నాకర్థమైంది లెండి. తను వదిలేసిన మనిషి పేరు పొద్దున్నే కనిపిస్తే కాఫీ గొంతు దిగుతుందా, పాపం!" అంటూ ఆవిడ నవ్వింది.

ఆ లెటర్ పెట్టింది లెవెనే. చిన్నోడు పోయిన వారానికే పెట్టాడు. సిగ్గుతో చెవులు కాలిపోతుంటే, నోట్సు రాసుకుంటున్నట్టు తల వంచుకున్నాడు.

సర్వర్ రూమ్‌లో చలి ఎముకల్ని పట్టేస్తోంది. వరసగా నిలబెట్టిన నల్లటి బీరువాలు ఒకటే గొంతుతో మూలుగుతున్నాయి. బాబాయ్ కీబోర్డు ముందు కూర్చున్నాడు.

"మార్ట్ అంటే చిల్లర కొట్టు సార్. గోదాం ఇదీ. ఇక్కడ బతికినవాళ్ళూ పోయినవాళ్ళూ అందరూ ఉంటారు. ఇదుగో, ఎస్-సెవెన్."

స్క్రీన్ మీద వరుసలు కిందికి జారాయి. పోయిన తేదీ దాటాయి. అయినా ఆగలేదు. ఆ నెల, మరుసటి నెల, మరుసటి ఏడాది. చిన్నోడు పోయాక రెండువందల పన్నెండు ఫైళ్ళు తెరిచాడు. చివరి వరుసలో ఇలా ఉంది: నిన్న రాత్రి, తొమ్మిదీ పది, ఈ భవనం, మూడో అంతస్తు.

లెవెన్ చటుక్కున వెనక్కి తిరిగి చూశాడు. ఎవరూ లేరు.

"మూడేళ్ళుగా పోయినవాడికి వారం వారం హాజరు పడుతోంది సార్. మొదట్లో ఒళ్ళు జలదరించేది. తర్వాత మూడు మెమోలు పెట్టాను."

"ఎవరికి?"

"మేడమ్‌కే. ఇంకెవరికి పెడతాను?"

"పిచ్చుక పంతొమ్మిదీ ఎక్కణ్ణుంచి తెరిచారు?"

బాబాయ్ వెతికాడు. "అన్నీ మూడో అంతస్తే సార్."

పిచ్చుక ఆరేళ్ళలో ఈ గుమ్మం తొక్కలేదు. జత పట్టికలో ఎవరో ఒక దొంగ కార్డుని ఆమె పేరుకి కట్టారు. అంతకుముందు మరో కార్డుని చిన్నోడికి కట్టారు. అతను పోయాకా ఆ కార్డు వాడుతూనే ఉన్నారు, పోయినవాళ్ళ వంక ఎవరూ చూడరన్న ధీమాతో. ఆ ధీమా ఇచ్చింది తనే. చూడలేక ముఖం తిప్పుకున్నది తనే. లెవెన్‌కి ఏడుపొచ్చింది. కానీ టైము పదకొండూ నలభై.

కమిటీ కూర్చున్నది ఊరి నడిబొడ్డున. బయటికెళ్ళి ఫోన్ చేసినా వాళ్ళు నమ్మేది ఆ పేజీనే; ఇక్కణ్ణుంచి అక్కడికి పోయే దారి ఒక్క మార్టే. లెవెన్ కళ్ళద్దాల కాడ నొక్కాడు. మేడమ్ వేళ్ళు అద్దం మీద మళ్ళీ ఆడాయి. పాస్‌వర్డ్ దొరికింది. ఫిల్టర్ తీసేశాడు. 'ఎక్కడ' కాలమ్ కలిపాడు.

"ఏ తలుపు ఏ కార్డుతో తెరిచారో, ఆ రిజిస్టర్ కూడా లోడ్ చెయ్యి బాబాయ్. ఈ నిమిషం వరకూ."

"అన్నీ సిద్ధం చెయ్యడానికి పావుగంట పడుతుంది సార్."

పదకొండూ యాభై ఆరుకి తలుపు తెరుచుకుంది. మేడమ్ చేతిలో సైలెన్సర్ బిగించిన చిన్న పిస్టల్ ఉంది.

"ఇక ఆ కళ్ళద్దాలు తీసెయ్యండి, సెక్షన్ టూ గారూ. ఆడిటర్లు బతికున్నవాళ్ళ లెక్కలే సరిగ్గా అడగరు. మీరు పోయినవాళ్ళ గురించి అడిగారు."

"పిచ్చుక ఎవరి పేరు తెస్తోందో తెలిసింది."

"తెలిసి ఏం లాభం? నేనీ గదికి వచ్చినట్టు ఎక్కడా ఉండదు."

"ఏ కార్డుతో వచ్చారు?"

ఆవిడ పెదవి విరిచింది. "మీవాడిదే. మూడేళ్ళయింది, ఒక్కసారీ ఎదురు చెప్పలేదు. చేతులు పైకెత్తండి, ఇద్దరూ!"

బాబాయ్ చేతులెత్తాడు. ఎత్తేముందు చిటికెన వేలితో ఎంటర్ కొట్టాడు.

గోడ మీది స్క్రీన్ ఒక్కసారి ఆరి వెలిగింది. ఊరి నడుమ కమిటీ చూస్తున్న పేజీ అదే. పిచ్చుక పేరు కిందికి జారింది. పైన ఎర్రగా ఇంకో పేరు వచ్చి నిలబడింది. ఎస్-సెవెన్, మరణించాడు. ఈ రోజు, పదకొండూ యాభై ఆరు, సర్వర్ రూమ్ తలుపు.

మేడమ్ ముఖంలో రక్తం లేదు. స్క్రీన్‌నే కాల్చింది. అద్దం భళ్ళుమంది, గోదాంకి మాత్రం ఏమీ కాలేదు. రెండో గుండుకి ముందే లెవెన్ ఆవిడ మణికట్టు మెలిపెట్టాడు. ముత్యాలు తెగి నేలంతా దొర్లాయి. పదకొండూ యాభై తొమ్మిదికి సైరన్ మోగింది, గార్డులు లోపలికి దూసుకొచ్చారు.

పన్నెండున్నరకి చీఫ్ వచ్చాడు. "పిచ్చుకకి తలుపు తీశారు. క్షేమంగా ఉంది," అని లెవెన్ భుజం మీద చెయ్యి వేశాడు. "మీ బావమరిది పేరు పక్కనున్న 'ద్రోహి' అన్న మాట ఇవాళే చెరిపేయిస్తాను."

"గోదాంలో ఏదీ చెరపం సార్," అన్నాడు బాబాయ్ నెమ్మదిగా. "పాత వరుస అక్కడే ఉంటుంది. ఇవాళ్టితో దాన్ని మూసి, కొత్త వరుస రాస్తాం, నిర్దోషి అని."

"పాతదాంట్లో ఆమోదించింది ఎవరో కూడా ఉంటుందా?" అడిగాడు లెవెన్.

"ఉంటుంది సార్."

"రెండూ ప్రింటు తీసివ్వు."

గేటు దగ్గర ఫోను చేతికి రాగానే మోగింది. భార్య.

"భోజనానికి వస్తున్నారా లేదా?"

"వస్తున్నా. నీకొకటి చెప్పాలి. చిన్నోడి గురించి."

"ఆఫీసు సంగతులు ఇంట్లో చెప్పనన్నారుగా?"

"ఇది ఇంటి సంగతే."

మారువేషాల్లో పదకొండుసార్లు శత్రుదేశంలోకి వెళ్ళి చెక్కుచెదరకుండా తిరిగొచ్చిన మనిషి, ఆ మధ్యాహ్నం సొంత ముఖంతో సొంత ఇంటికి వెళ్తూ టాక్సీవాడికి మూడుసార్లు దారి తప్పు చెప్పాడు.