ఎనిమిదో తాడు

"అమ్మా, ఈ తాళ్ళు చూస్తుంటే నాకు చిరాకేస్తోంది," అంది పిల్ల.

అమ్మ తలెత్తలేదు. నీళ్ళ తొట్టిలో ఒక ఫోటో మీది బురదను మెత్తని బ్రష్‌తో కడుగుతోంది. ఆమె వేళ్ళు నాని ముడతలు పడ్డాయి. వరద తగ్గి నెల కావస్తోంది. స్కూలు హాల్లో బెంచీలు ఓ మూలకు నెట్టి, ఈ గోడ నుంచి ఆ గోడకు పన్నెండు తాళ్ళు కట్టారు. బురదలో దొరికిన ఫోటోలు కడిగి, క్లిప్పులు పెట్టి వాటికి ఆరేస్తున్నారు. ఎవరివి వాళ్ళకు అప్పజెప్పాలి. అప్పట్నుంచీ ఇదే పని. ఎవరికీ నడుం నిలవడం లేదు.

పిల్లకు పదేళ్ళు. ఏది చెదిరి ఉన్నా సర్దందే ఊరుకోదు. అందుకే అందరూ సర్దుళ్ళమ్మ అంటారు.

పెళ్ళి ఫోటో పక్కన కుక్కపిల్ల. దాని పక్కన బోసినోటి పాపాయి. ఆ పక్కన ముఖమే లేని మనిషి. ఇదేం వరస?

మధ్యాహ్నం పెద్దవాళ్ళు టీ తాగి, కాస్త నడుం వాల్చడానికి వెళ్ళారు. సర్దుళ్ళమ్మ స్టూలెక్కింది. పెళ్ళిళ్ళన్నీ ఒక తాడుకు. పాపాయిలన్నీ ఒక తాడుకు. ముఖాలు చెరిగిపోయినవన్నీ చివరి తాడుకు. వాళ్ళు తిరిగొచ్చేసరికి హాలు అద్దంలా ఉంది.

వాళ్ళ వెనకే దర్జీ తాత వచ్చాడు. ఆయన ఇల్లు వరదలో పోయింది. భార్య అంతకు ముందే పోయింది.

"నిన్న చూసి వెళ్ళానమ్మా. ఎనిమిదో తాడు, ఏడు ఫోటోలు. ఆరాక తీసుకెళ్ళమన్నారు."

ఎనిమిదో తాడు మీద పాపాయిలు నవ్వుతున్నారు.

ఈ పనంతా చూసుకునేది ఊళ్ళో ఫోటో స్టూడియో నడిపే అత్త. ఆమె గుండె మీద చెయ్యి వేసుకుంది.

"ఎవరే ఇవి మార్చింది?"

"నేనే అత్తా. చూడ్డానికి బాగుంటాయని..."

"బాగు సంగతి ఎవరడిగారే నిన్ను! ఒక మూటలో దొరికినవన్నీ ఒక తాడుకు కడతాం. ఆ తాడే వాటికి అడ్రసు. ఇప్పుడు ఎవరింటివాళ్ళు ఎవరింట్లో తేలతారు?"

పిల్ల తాత వైపు తిరిగింది. "తాతా, నీ ఫోటోలు నువ్వు గుర్తుపట్టలేవా?"

తాత రెండు గుర్తుపట్టాడు. వాటిలో ఉన్నది ఆయనే. మిగతా అయిదూ భార్యవి. నీళ్ళు ఆమె ముఖాన్ని తుడిచేశాయి. చివరి తాడు మీద అలాంటి ఫోటోలు నలభైకి పైనే ఉన్నాయి.

"ఎనిమిదో తాడు మీదున్నాయి గనక మా ఆవిడే అనుకున్నాను. ఇప్పుడు ఎవరి భార్యను తీసుకెళ్ళమంటావు?"

"తప్పయింది తాతా."

"అయింది," అన్నాడు తాత. ఆ రెండు ఫోటోలూ బల్ల మీదే వదిలేసి వెళ్ళిపోయాడు.

అమ్మ తిట్టలేదు. తిట్టే ఓపిక లేదు. మిగతా తాళ్ళు గుర్తున్నంత మేరకు సరిచేయడానికి స్టూలెక్కింది. తిట్టినా బాగుండేదనిపించింది పిల్లకు.

మర్నాడు అత్త ఒక భూతద్దం తెచ్చిచ్చింది.

"మూటలో ఒకదానికొకటి అతుక్కుని నానాయి కదా. ఒకదాని మరక రెండోదాని మీద పడుతుంది. తాత వదిలేసిన రెండూ ముందు పెట్టుకో. మరకకు మరక కలుపుకుంటూ పో. కళ్ళు లాగేస్తాయి, ముందే చెప్తున్నా."

లాగేశాయి. మొదటిరోజు ఒక్కటీ దొరకలేదు. రెండోరోజు ఒకటి. అయిదు రోజులకు నాలుగు.

ఆరోరోజు ఆరు ఫోటోలూ పట్టుకుని, పిల్ల ఒక్కతే దర్జీ షాపుకు వెళ్ళింది. వెనక మరకలు ఎలా కలిశాయో ఒక్కొక్కటే చూపించింది. తాత మెషీన్ ఆపి విన్నాడు. ఒక ఫోటోలో కుర్చీ మీద ఆన్చిన చెయ్యి మాత్రమే మిగిలింది. దాన్ని వెలుతురుకు పెట్టి చాలాసేపు చూశాడు.

"ఏడోది?"

"దొరకలేదు తాతా. ఇంకా వెతుకుతా."

పరవాలేదులే అంటాడేమోనని చూసింది. ఆయన అనలేదు.

"షాపు ఆరింటిదాకా ఉంటుంది," అని మళ్ళీ మెషీన్ తొక్కాడు.

హాలుకు వచ్చేసరికి బల్ల మీద కొత్త మూట ఉంది. కాలవలో దొరికిందట. విప్పితే రెండు ఫోటోలు, ఒక బొత్తాం, చిరిగిన బస్సు టికెట్. పిల్ల వాటిని కడగడానికి చేతులు తడపకముందే నాలుగు చీటీలు తీసి, నాలుగింటి మీదా పదమూడు అని రాసింది.

"ఆ టికెట్ ఎందుకే? అవతల పారెయ్," అంది అమ్మ.

"వాటితో కలిసి వచ్చిందమ్మా."

పదమూడో తాడు కట్టి, టికెట్‌కు కూడా క్లిప్ పెట్టింది. తరవాత భూతద్దం తీసుకుని చివరి తాడు దగ్గరకు వెళ్ళింది. ఆరు కావడానికి ఇంకా గంట ఉంది.