ఘాట్ మలుపులో రివర్సు

దారి చెప్పింది నేనే. ఆ మాట ముందే ఒప్పుకుంటున్నాను.

నా తోడల్లుడు దేవీప్రసాద్‌కి స్టీల్‌ప్లాంటులో ఉద్యోగం. పోయిన ఏడాది ఒక పాత మినీబస్సు కొని, గాజువాకలో ఒక షెడ్డులో ఆరు నెలలు ఉంచి, దాన్ని మోటార్‌హోమ్‌గా మార్పించాడు. లోపల మంచం, గ్యాస్ పొయ్యి, చిన్న ఫ్రిజ్, ఓ మూల బాత్రూమ్. కిటికీలకి పూర్ణా మార్కెట్లో కొన్న పసుపు కర్టెన్లు. నా భార్య అనూరాధ ఆ కర్టెన్లని చేత్తో నిమురుతూ, "మా నీలిమ ఎంత అదురుష్టం సేసుకుందో," అంది. నీలిమ ఆమె చెల్లెలు, ప్రసాద్ భార్య. పొరుగింటి పుల్లకూర రుచి అని నేను ఎగతాళి చేశాను గానీ, ఆ కూర నిజంగానే రుచిగా ఉంది. అదే నా బాధ.

ఇరవై రెండేళ్ళుగా పోర్టులో ట్రైలర్ తోలుతున్నాను. నా భార్యని మాత్రం ఏనాడూ సరదాగా ఎక్కడికీ తీసుకెళ్ళలేదు. లైసెన్సు తీసి నాలుగేళ్ళు కాని ప్రసాద్ మా ఇద్దర్నీ అరకు తీసుకెళ్తానంటే కళ్ళల్లో నిప్పులు పోసుకున్నాను. అసూయే. దానికి ఇంకో పేరు పెట్టను.

"అన్నయ్యా, ఏ దారి సుకంగా ఉంటాదో నువ్వే సెప్పాల," అన్నాడు ప్రసాద్. "ఫోన్లో అయితే ఎస్.కోట మీంచి సూపిత్తంది."

"ఫోనుకేటి తెలుసు? ఆదోరం కార్లన్నీ అటే పోతాయి. పాడేరు మీంచి పోదాం. హాయిగా ఉంటాది."

ఆ బండికి ఎస్.కోట దారే మేలని నాకు తెలుసు. పాడేరు ఘాట్ మలుపుల్లో అంత పొడుగు బండి ఇరుక్కుంటుందనీ తెలుసు. ఇరుక్కుంటే చేతులెత్తేసి, ఆడాళ్ళ ముందు "నువ్వే తోలన్నయ్యా" అంటాడు. నాకు కావలసింది అంతే.

చోడవరం దాటాక టీ తాగి, ఘాట్ ఎక్కేసరికి మధ్యాహ్నం మూడున్నర అయింది. శ్రావణ మాసం. మొదటి రెండు మలుపులు బాగానే తిరిగాడు. తర్వాత కొండ మీంచి మంచు దిగింది. ముందు చెట్ల కొసలు పోయాయి, తర్వాత చెట్లు, తర్వాత రోడ్డు. తడి ఆకుల వాసనలో క్లచ్చు కాలుతున్న వాసన కలిసింది. అంతవరకూ చెవులు హోరెత్తించిన కీచురాళ్ళు ఒక్కసారే ఊరుకున్నాయి.

అయిదో మలుపులో బండి ఒక్క దెబ్బకి తిరగలేదు. ముందు కొండ, వెనక లోయ. ప్రసాద్ మొహం తుడుచుకున్నాడు. స్టీరింగ్ కోసం నా చేతులు సిద్ధంగా ఉన్నాయి.

"అన్నయ్యా, కొంచెం దిగి ఎనక సూడవా? రివర్సు తీత్తాను."

బండి బాడీ మీద రెండుసార్లు తడితే రమ్మని, ఒక్కసారి గట్టిగా చరిస్తే ఆగమని. అది క్లీనరు చేసే పని. ఇరవై రెండేళ్ళ డ్రైవర్ని నా భార్య ముందు క్లీనర్ని చేశాడు.

దిగి బండి వెనక కుడివైపు మూల పక్కన నిలబడ్డాను. వెనక అయిదడుగుల రోడ్డుంది. అక్కడ రోడ్డంచు గోడ విరిగిపోయింది. అవతల అంతా తెలుపే. లోపల అనూరాధ దేనికో పకపకా నవ్వింది. ఆ నవ్వు మా ఇంట్లో నేనెప్పుడూ వినలేదు.

చేతులు రెండూ ప్యాంటు జేబుల్లో పెట్టుకున్నాను. వెనక్కి పోతే పోనీ అనుకున్నాను. నా భార్య కూడా అందులోనే ఉందన్న సంగతి ఆ క్షణం గుర్తు రాలేదు. గుర్తొచ్చినా అలాగే అనుకునేవాణ్ణేమో.

తప్... తప్...

బండి వెనక్కి కదిలింది.

నా చేతులు జేబుల్లోనే ఉన్నాయి. చప్పుడు రెండో మూల నుంచి వచ్చింది. లోయ వైపు నుంచి.

తప్... తప్...

"రానీ... రానీ..."

నా గొంతు. నా నోరు మూసే ఉంది.

మూడడుగులు... రెండు...

"రానీ తమ్ముడూ... ఇంకా ఉంది..."

ఆగమని బాడీ మీద చరవబోయాను. చెయ్యి జేబులోంచి లాగితే రాలేదు... ఎవరో లోపల్నుంచి పట్టుకున్నట్టు. చల్లగా. గుంజుకుని, బండి పక్కనుంచి పరుగెత్తి, డ్రైవర్ తలుపు బాదాను.

"బ్రేకు! బ్రేకెయ్!"

బండి ఊగి ఆగింది.

ప్రసాద్ తెల్లబోయి చూశాడు. "నువ్వే కదన్నయ్యా... ఇంకా రానీ అన్నావ్?"

"నాను కాదు."

కిటికీలోంచి అనూరాధ నన్నే చూస్తోంది. "నీ గొంతు నాకు తెల్దా?" అంది మెల్లగా.

వెనక్కి వెళ్ళి చూశాను. వెనక చక్రాలు అంచు మీదున్నాయి. బాడీ వెనక భాగమంతా లోయ మీదికి వచ్చేసింది. దాని మీద తడి అరచేతుల గుర్తులు, జంటలు జంటలుగా. వాటి కింద మనిషి నిలబడటానికి చోటు లేదు.

నేను తిరిగొచ్చేసరికి ప్రసాద్ పక్క సీట్లోకి జరిగి కూర్చున్నాడు.

"నా వల్ల కాదు. నువ్వే తోలన్నయ్యా."

ఆ మాట కోసమే ఇంత దూరం తీసుకొచ్చాను. ఎక్కి తలుపేసుకున్నాను. బండిని మెల్లగా అంచు నుంచి ముందుకు లాగి మలుపు తిప్పాను. అనూరాధ నా వెనక సీట్లో కూర్చుంది. నీలిమ మంచం మీదికి పోయి, వెనక అద్దం దగ్గర కర్టెన్ పక్కకి లాగింది.

కాసేపటికి ఆమె గొంతు వినిపించింది. చాలా చిన్నగా.

"అక్కా... బావ ఇంకా ఎక్కనేదేటి?"

"ఏటే?"

"ఎనకాల నడిసొత్తన్నాడు... ఆగమని సెయ్యూపతన్నాడు."

"నానిక్కడే ఉన్నాను నీలిమా," అన్నాను.

యాక్సిలరేటర్ తొక్కాను. బండి మూలిగింది గానీ ఎత్తు మీద వేగం అందుకోలేదు.

"పరిగెడతన్నాడక్కా... ఏడుత్తన్నాడు..."

అనూరాధ లేచి వెనక్కి వెళ్ళింది. అద్దంలోంచి చూసింది. ప్రసాద్ కూడా మెడ తిప్పి చూశాడు. చాలాసేపు చూశారు.

తర్వాత ముగ్గురూ అటు చూడటం మానేసి, నా వైపు చూడటం మొదలెట్టారు.