పదిహేను గంటల ప్రయాణం

"పన్నెండు వేల కిలోమీటర్లు. పదిహేను గంటల ఫ్లైట్," అన్నాడు ఛీఫ్, కంప్యూటర్‌లోంచి తలెత్తకుండా. "నువ్వివాళ వెళ్లు. ఏజెంట్ నెమలి రేపు బయల్దేరుతుంది. ఎల్లుండి మధ్యాహ్నం మూడింటికి నీ గది తలుపు తడుతుంది. ప్రొఫెసర్ని ఆమె చేతికి అప్పగించు."

బ్రీఫింగ్ అంతే. ప్రొఫెసర్ పదేళ్లు విదేశీ ముఠాకు కోడ్‌లు తయారుచేసి, విసిగిపోయి పారిపోయి వచ్చిన మనిషి. మన ఆఫీసు రహస్యాలు ఆ ముఠాకు అమ్ముతున్నదెవరో ఆయనకు తెలుసు. కోర్టులో తప్ప ఎక్కడా నోరు విప్పనని భీష్మించుకు కూర్చున్నాడు.

ఏజెంట్ డేగకు విమానమంటేనే వెగటు. పక్కసీటువాడి సాక్సుల కంపు, రబ్బరులాంటి బ్రెడ్డు. పైగా దారిలో రెండు దేశాలు కొట్టుకుని వారం కిందట ఆకాశం మూసేశాయి. విమానం చుట్టుదారిలో తిరిగి పందొమ్మిది గంటలకు దిగింది. ఛీ, ఇదీ ఒక ఉద్యోగమేనా అనుకుంటూ గది చేరి, అక్కడ దాచి ఉంచిన ప్రొఫెసర్ గురక వింటూ ఒక రోజు గడిపాడు.

సరిగ్గా మూడింటికి తలుపు చప్పుడైంది.

"గొడుగు తెచ్చారా?"

"ఎండకే తెచ్చాను."

నెమలిని డేగ ఎప్పుడూ చూడలేదు, కానీ కోడ్ సరిపోయింది. లోపలికొచ్చిన నెమలిని చూసి ముసలాయన జుట్టు సవరించుకున్నాడు. అంత అందం!

"ప్రయాణం బాగా జరిగిందా?" డేగ మర్యాదకి అడిగాడు.

"ఏం బాగు! పదిహేను గంటలు ఒకే సీట్లో. నడుం విరిగిందనుకోండి." ఆమె నవ్వి, లిప్‌స్టిక్ చేతిలోకి తీసుకుంది. "మాస్టారూ, మీ కాలర్ మడతపడింది, ఉండండి."

పదిహేనా? ఆ విమానంలో కూర్చున్నవాళ్లెవరూ మిగతా నాలుగు గంటలను తిట్టకుండా ఉండలేరు. పందొమ్మిది గంటల లెక్కన అసలు నెమలి ఇంకా గాల్లోనే ఉంది! పదిహేనన్న లెక్క ఉన్నది ఒకే ఒక్క చోట, కుర్చీ దిగని ఛీఫ్ కంప్యూటర్‌లో.

లిప్‌స్టిక్ అడుగున సూది మెరిసింది. ముసలాయన మెడకు వెంట్రుకవాసి దూరంలో డేగ ఆమె చెయ్యి విరిచి పట్టాడు. సూది సోఫాలో దిగబడింది.

"బాబూ, ఏమిటిది?" ప్రొఫెసర్ లేవబోయాడు.

"విషం, మాస్టారూ. కదలకండి."

ఆమెకు సంకెళ్లు వేస్తుండగా ఆమె బ్యాగులో ఫోన్ మోగింది. డేగ స్పీకర్ నొక్కాడు.

"ముసలాడు పోయాడా?"

పన్నెండేళ్లుగా తను సెల్యూట్ కొట్టిన మనిషి గొంతు. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, వీడు కాస్త విమానం టైము చూసుకుని ఉంటే నిజంగానే పట్టుబడేవాడు కాదు.

"ఆ గొంతే బాబూ!" ప్రొఫెసర్ గుసగుసలాడాడు. "వాడే!"

"ఏమైంది, పలకవేం?" ఛీఫ్ కసిరాడు.

"లేదు సార్, ఇంకా పోలేదు," అన్నాడు డేగ. "నెమలి ఫ్లైట్ లేటు."